కాణిపాకం బ్రహ్మోత్సవాలు

కాణిపాకం బ్రహ్మోత్సవాలు చిత్తూరు జిల్లా ఐరాల మండలంలోని కాణిపాకం గ్రామంలో వెలసిన స్వయంభూ శ్రీ వరసిద్ధి వినాయక స్వామికి ప్రతి సంవత్సరం భాద్రపద శుద్ధ చవితి నుండి 21 రోజుల పాటు జరిగే ఉత్సవాలు. వీటిలో మొదటి 9 రోజులను బ్రహ్మోత్సవాలనీ, తరువాతి 12 రోజులను ప్రత్యేక ఉత్సవాలనీ వ్యవహరిస్తారు. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు రోజుకు కొందరు చొప్పున ఆతిథ్య బాధ్యతను పంచుకొనే 'ఉభయం' పద్ధతి ఈ ఉత్సవాలకు ఆధారం.

గ్రామం, ఆలయం

కాణిపాకం బాహుదా నది ఒడ్డున, చిత్తూరుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. తిరుపతి నుండి దూరం సుమారు 70 కిలోమీటర్లు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు దగ్గరగా ఉండటం వలన ఆ రాష్ట్రాల నుండి కూడ భక్తులు పెద్ద సంఖ్యలో వస్తుంటారు.

స్థల పురాణం ప్రకారం గ్రుడ్డి, మూగ, చెవిటి వారైన ముగ్గురు సోదరులు పొలం తడుపుకొనుటకై బావిని లోతు చేయుచుండగా పార ఒక రాతికి తగిలి నెత్తురు చిమ్మినది. ఆ నెత్తురు సోకగానే వారి అంగవైకల్యం తొలగిపోయినది. అక్కడ బయటపడిన వినాయక మూర్తికి గ్రామస్థులు కొట్టిన కొబ్బరికాయల నీరు 'కాణి' విస్తీర్ణం మేర పారినందున ఊరికి కాణిపాకం అనే పేరు వచ్చినదని చెబుతారు. 'కాణి' అనగా మాగాణి నేల. 'పాకం' అనగా నీరు పారుట. మూర్తి నేటికీ బావిలోనే ఉన్నది.

ఆలయాన్ని 11వ శతాబ్దంలో మొదటి కులోత్తుంగ చోళుడు నిర్మించాడనీ, 1336లో విజయనగర పాలకులు విస్తరింపజేశారనీ ప్రసిద్ధి. దాతల సహాయంతో ఆలయాన్ని పునర్నిర్మించి 2022 ఆగస్టు 21న మహా కుంభాభిషేకం జరిపారు. మణికంఠేశ్వర, వరదరాజస్వామి ఆలయాలు కూడ ఈ గ్రామంలో ఉన్నాయి.

ఉత్సవాల క్రమం

వినాయక చవితి నాడు మూలవిరాట్టుకు విశేష అభిషేకాలు జరుగుతాయి. తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున స్వామికి పట్టువస్త్రాలు సమర్పించుట ఆచారం. మరునాడు ధ్వజారోహణంతో వాహన సేవలు మొదలవుతాయి. సిద్ధి, బుద్ధి సమేతుడైన స్వామి ఉత్సవమూర్తులను హంస, నెమలి, మూషిక, శేష, చిలుక, వృషభ, గజ, అశ్వ వాహనాలపై ఊరేగిస్తారు. రథోత్సవం, తిరుకల్యాణం, ధ్వజావరోహణం బ్రహ్మోత్సవాలలో ముఖ్యమైనవి.

ప్రత్యేక ఉత్సవాలలో అధికార నంది, రావణబ్రహ్మ, యాళి, సూర్యప్రభ, చంద్రప్రభ, కామధేను, కల్పవృక్ష వాహనాలు, విమానోత్సవం, పుష్పపల్లకి సేవ ఉంటాయి. పుష్కరిణిలో జరిగే తెప్పోత్సవంతో ఉత్సవాలు ముగుస్తాయి.

ఉభయం పద్ధతి

సంస్కృతంలో 'ఉభయ' అనగా రెండు. కాని చిత్తూరు ప్రాంతంలోనూ తమిళనాడులోనూ దేవాలయాల వాడుకలో 'ఉభయం' అనగా ఒక సేవకు గాని, ఒక రోజు ఉత్సవానికి గాని అయ్యే ఖర్చును భరించే కైంకర్యం. ఆ బాధ్యత వహించినవారు ఉభయదారులు. కాణిపాకంలో తమ వంతు వచ్చిన రోజున ఉభయదారులు పూజాద్రవ్యాలతో, మేళతాళాలతో ఆలయానికి వచ్చి అభిషేకం జరిపించి, వాహన సేవలో పాల్గొంటారు. ఆనాటి స్వామి సేవకు వారే కర్తలు. దూరం నుండి వచ్చిన యాత్రికుడు అందులో అతిథి.

ఈ పద్ధతికి ఈ ప్రాంతంలో దీర్ఘ చరిత్ర ఉన్నది. తిరుమలలో సామవై అనే పల్లవ రాణి 966లో వెండి విగ్రహాన్ని సమర్పించి, ఉత్సవాల నిర్వహణకు భూములు దానం చేసినట్లు శాసనం తెలుపుచున్నది. తరువాతి తిరుమల శాసనాలలో ఉత్సవానికి ధర్మం ఏర్పరచిన దాతకు ప్రసాదంలో నాలుగవ వంతు చెందే ఏర్పాటు కనిపిస్తుంది. అనగా ఖర్చుతో పాటు గౌరవం కూడ దాతకు దక్కేది. అందువలననే ఉభయం ఎవరిది, ఏ రోజుది అనే విషయం గ్రామాలలో కేవలం డబ్బు లెక్క కాక మర్యాదకు సంబంధించినదిగా భావింపబడుతుంది.

గ్రీకు నగరంతో పోలిక

ఇటువంటి ఏర్పాటు ప్రాచీన గ్రీసు దేశంలోని ఏథెన్సు నగరంలో కూడ ఉండేది. అక్కడ డయోనిసస్ దేవుని ఉత్సవాలలో నాటకాల బృందగానానికి అయ్యే ఖర్చును ఒక సంపన్న పౌరుడు భరించేవాడు. అతనిని 'కొరెగోస్' అనేవారు. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ రచించిన 'పర్షియనులు' నాటకానికి యువకుడైన పెరిక్లీస్ ఈ బాధ్యత వహించాడు. క్రీ.పూ. 335-334 నాటి విజయానికి గుర్తుగా లైసిక్రటీస్ అనే కొరెగోస్ కట్టించిన స్మారకం నేటికీ ఏథెన్సులో నిలిచి ఉన్నది. క్రీ.పూ. 4వ శతాబ్ది చివరలో ఈ పద్ధతి రద్దయి, ఉత్సవ నిర్వహణ ఎన్నికైన ఒక అధికారి చేతికి, ఖర్చు ప్రజాధనానికి మారినవి.

కాణిపాకంలో ఈ రెండు ఏర్పాట్లూ కలసి నడుస్తున్నాయి. ఆలయం రాష్ట్ర దేవాదాయ ధర్మాదాయ శాఖ పరిధిలోనిది. కార్యనిర్వహణాధికారి పరిపాలన చూస్తారు. క్యూలైన్లు, వసతి గృహాలు, అన్నదానం దేవస్థానం బాధ్యత. రోజువారీ ఉత్సవాల ఉభయం గ్రామాల వారిది. యాత్రికులు పెరిగినకొద్దీ మొదటి భాగం పెరుగుట అనివార్యం. వేల మందికి భోజనం, నీరు, పారిశుద్ధ్యం ఒక గ్రామం సొంతంగా సమకూర్చుకొనగలిగినవి కావు. అయితే నిర్వహణ అంతా కార్యాలయానికే చేరితే తమ ఊరి ఉత్సవంలో గ్రామస్థులు కేవలం ప్రేక్షకులుగా మిగులుతారు. ఉభయాల వరుసను కాపాడుట ఇందుకే ముఖ్యమైనది.

2020లో కోవిడ్ మహమ్మారి కారణంగా ఊరేగింపులు లేకుండా ఉత్సవాలను ఆలయంలోనే ఏకాంతంగా జరిపారు. అతిథులు రాకపోయినా ఉత్సవం ఆగలేదు.

ఇతర కార్యక్రమాలు

బ్రహ్మోత్సవాలు కాక ప్రతి నెల సంకటహర చతుర్థి నాడు సంకటహర గణపతి వ్రతం జరుగుతుంది. స్వామి సన్నిధిలో వివాహాలు కూడ జరుగుతుంటాయి. కాణిపాకం ప్రమాణాలకు పేరుపొందినది. తగవు పడినవారు పుష్కరిణిలో స్నానం చేసి, తడి బట్టలతో స్వామి ఎదుట ప్రమాణం చేస్తారు. ఇక్కడ అబద్ధమాడినవారిని స్వామి శిక్షిస్తాడని ప్రజల విశ్వాసం. చెడు అలవాట్లు మానుకొనదలచినవారు కూడ ఇక్కడికి వచ్చి ఒట్టు పెట్టుకొనుట కలదు.