గెలుపు ఎందుకు నిలువదు?

ఒక ఫుట్‌బాల్ శిక్షకుడు ఒక జట్టును చేపట్టి రెండు మూడు సంవత్సరములు వరుసగా గెలిపించును. పత్రికలు ఆయనను మాంత్రికుడని పొగడును. ఆపైన ఒక ఏడు జట్టు ఓడును. మరుసటి ఏడు మళ్ళీ ఓడును. "ఆయన చేతిలోని మహిమ పోయినది" అని జనులు చెప్పుకొందురు. ఇంగ్లండులో లెస్టర్ సిటీ అను జట్టు 2016 మే నెలలో, ఎవరూ ఊహించని విధముగా, ఆ దేశపు అగ్రశ్రేణి లీగును గెలిచినది. ఆ జట్టు మేనేజరు క్లాడియో రానియేరీ. 2017 ఫిబ్రవరిలో, అనగా పది నెలలు నిండకముందే, ఆయనను తొలగించినారు. ఇంత స్వల్పకాలములో ఒక మనిషి తెలివి తరిగిపోవునా? లేక మనము లెక్క చూచుటలోనే ఏదైన పొరపాటు ఉన్నదా?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. భారతదేశపు ఫుట్‌బాల్ చరిత్రలో అగ్రగణ్యుడైన శిక్షకుడు మన హైదరాబాదువాడే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినారు. ఆటగాండ్రు ఆయనను "రహీం సాబ్" అని పిలిచెడివారు. 1950 నుండి 1963లో మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకుడు. భారత జట్టుకు కూడ ఆ కాలములోనే శిక్షణ ఇచ్చినారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలోను భారతదేశమునకు వచ్చిన ఫుట్‌బాల్ స్వర్ణపతకములు రెండును ఆయన శిక్షణలో వచ్చినవే.

అయిదు కప్పుల లెక్క

బొంబాయిలో అప్పట్లో జరుగుచుండిన రోవర్స్ కప్పు పోటీలను హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచినది. 1955లో ఆ కప్పు మోహన్ బగాన్ జట్టుకు దక్కినది. అయితే 1955 నాటికి రహీం నైపుణ్యము తగ్గినదని చెప్పవచ్చునా? కొంచెము గణితము చేసి చూతము.

లెక్క సులభమగుటకు, కప్పు గెలువవలెనన్న వరుసగా నాలుగు ఆటలు గెలువవలెనని అనుకొందము. ఒక మంచి జట్టు ప్రతి ఆటను గెలిచెడి సంభావ్యత నూటికి 70 అనుకొందము. నాలుగు ఆటలను గెలిచెడి సంభావ్యత 0.7 ను నాలుగుసార్లు గుణించగా వచ్చును. అది 0.24. అనగా మంచి జట్టుకు కూడ కప్పు నాలుగేండ్లకు ఒకసారి మాత్రమే దక్కును. అయిదేండ్లు వరుసగా దక్కుటకు అవకాశము దాదాపు 1250లో ఒకటి. కనుక హైదరాబాదు పోలీసు జట్టు కేవలము మంచి జట్టు కాదు, అసాధారణమైన జట్టు అయి ఉండవలెను.

సరే, ఆ సంభావ్యతను నూటికి 90కి పెంచుదము. అప్పుడు ఒక ఏడాది కప్పు గెలిచెడి సంభావ్యత 0.66. అయిదేండ్లు వరుసగా గెలిచెడి సంభావ్యత 0.12, అనగా ఎనిమిదింట ఒక వంతు. ఇప్పుడు ఆరవ సంవత్సరమును చూడుడు. జట్టు శక్తి వెంట్రుకవాసి కూడ తగ్గలేదనుకొన్నను, ఆ ఏడు కప్పు చేజారుటకు మూడింట ఒక వంతు అవకాశము ఉన్నది! కాబట్టి 1955 నాటి ఓటమి ఒక్కటే సాక్ష్యమైనచో, దానినిబట్టి రహీం నైపుణ్యమును గురించి ఏమియు నిర్ణయింపజాలము.

ఫుట్‌బాల్‌లో ఈ అనిశ్చితి మరింత ఎక్కువ. పెద్ద పోటీలలో రెండు జట్లు కలిసి ఒక ఆటలో చేయు గోల్సు సగటున సుమారు మూడు మాత్రమే. బాస్కెట్‌బాల్‌లో పాయింట్లు పదుల సంఖ్యలో వచ్చును గనుక చిన్న చిన్న పొరపాట్లు ఒకదానికొకటి సరిపోవును. ఫుట్‌బాల్‌లో స్తంభమునకు తగిలి వెనుకకు వచ్చిన ఒక్క బంతి ఫలితమును తారుమారు చేయగలదు.

నాణెముతో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో సులభముగా చేయించవచ్చును. నలుబదిమంది విద్యార్థులలో ఒక్కొక్కరు ఒక నాణెమును పదిసార్లు ఎగురవేయవలెను. బొమ్మ ఎన్నిసార్లు పడినదో వ్రాసికొనవలెను. ఏడు గాని, అంతకు మించి గాని బొమ్మలు పడినవారు సుమారు ఏడుగురు ఉందురు. వారిని "విజేతలు" అని ప్రకటించి, తరగతిచేత చప్పట్లు కొట్టించి, మళ్ళీ పదిసార్లు ఎగురవేయమనవలెను. ఈసారి వారి సగటు అయిదు దగ్గరకు దిగివచ్చును. వారి చేతులలో లోపమేమియు పుట్టలేదు. మొదటిసారి వారిని మనము ఎన్నుకొన్నదే అదృష్టము కలిసివచ్చినవారిని. ఆ అదృష్టము రెండవసారి వెంట రానక్కరలేదు.

దీనినే గణాంకశాస్త్రములో సగటు వైపు ప్రతిగమనము అందురు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో దీనిని తల్లిదండ్రుల ఎత్తులు, వారి పిల్లల ఎత్తులు కొలిచి చూపించినాడు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల పిల్లలు పొడవుగానే ఉందురు గాని, తల్లిదండ్రులంత పొడవుగా ఉండరు. మిక్కిలి పొట్టివారి పిల్లలు తల్లిదండ్రులకంటె కొంత పొడవుగా ఉందురు.

ఆట పూర్తిగా నాణెము వంటిది కాదు. అందులో నైపుణ్యము కలదు, అదృష్టమును కలదు. ఒక శిక్షకుడు శిఖరమును చేరిన సంవత్సరములో సాధారణముగా రెండును కలిసివచ్చి ఉండును. నైపుణ్యము మరుసటి ఏటికి నిలుచును. అదృష్టము నిలువదు. అందుచేత శిఖరము తరువాత కనబడు మొదటి దిగుడు చాలవరకు సహజమే.

నెదర్లాండ్సు దేశపు లీగులో 1986 నుండి 2004 వరకు జరిగిన మార్పులను పరిశీలించి బాస్ టెర్ వీల్ అను ఆర్థికశాస్త్రవేత్త ఈ విషయమును మరొక విధముగా తేల్చినాడు. ఓటములు వచ్చినప్పుడు శిక్షకుని తొలగించిన జట్లు తరువాత కొంత కోలుకొన్నవి. కాని అటువంటి ఓటములే పొంది శిక్షకుని తొలగించని జట్లు కూడ ఆ విధముగానే కోలుకొన్నవి. క్రొత్త శిక్షకుడు తెచ్చినాడనుకొన్న మెరుగు చాలవరకు దానంతట అదే రానున్న మెరుగు.

వానా, పూడికా?

అయితే ఓటములన్నియు అదృష్టము మారుటవలననే వచ్చుననుట కూడ సరికాదు. నిజముగా శక్తి తరిగిపోవుటయు కలదు. ఈ రెంటికిని గల తేడా బాన్సువాడ ప్రాంతపు విద్యార్థులకు నిజాంసాగరును చూచిన తెలియగలదు. మంజీర నదిపై 1931లో పూర్తియైన ఈ జలాశయము నీటిమట్టము ఒక ఏడు నిండుగాను, ఒక ఏడు వెలితిగాను ఉండును. అది వానలనుబట్టి మారును. నిండిన సంవత్సరము తరువాత వెలితి సంవత్సరము వచ్చినచో ఆనకట్టలో దోషమున్నదని ఎవరూ అనరు. కాని నది తెచ్చు ఒండ్రుమట్టి జలాశయము అడుగున ఏటేట పేరుకొనును. నిజాంసాగరు తొలినాటి సామర్థ్యము ఈ పూడికవలన చాల తగ్గినది. వాన లోటు మరుసటి ఏడు తీరవచ్చును. పూడిక దానంతట అది తీరదు. ఓడిన శిక్షకుని గూర్చి కూడ మనము అడుగవలసినది ఈ ప్రశ్నయే: ఇది వాన లోటా, పూడికా?

శిక్షకుల విషయములో పూడిక ముఖ్యముగా మూడు విధములుగా పేరుకొనును.

మొదటిది, ప్రత్యర్థులు నేర్చుకొనుట. గెలిచిన పద్ధతి రహస్యముగా ఉండదు. అందరును దానిని చూచి అనుకరింతురు, లేదా దానికి విరుగుడు కనిపెట్టుదురు. ఫ్రాన్సు దేశీయుడైన ఆర్సెన్ వెంగర్ 1996లో లండనులోని ఆర్సెనల్ జట్టుకు మేనేజరై, ఆటగాండ్ర ఆహారమునందు, వ్యాయామమునందు క్రొత్త పద్ధతులు ప్రవేశపెట్టినాడు. 1998, 2002, 2004 సంవత్సరములలో లీగును గెలిచినాడు. 2003-04లో 38 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. కాని ఆ పద్ధతులు పదేండ్లలో ప్రతి జట్టుకును సామాన్యమైనవి. పైగా కొన్ని ప్రత్యర్థి జట్లకు అంతులేని ధనము సమకూరినది. వెంగర్ 2018 వరకు అక్కడనే ఉన్నను మళ్ళీ లీగు గెలువలేదు. ఆయన వెనుకకు నడువలేదు. ఇతరులు ముందుకు వచ్చినారు.

రెండవది, జట్టు వయస్సు. ఫుట్‌బాల్ ఆటగాని శక్తి సాధారణముగా ఇరువదియైదు, ముప్పది ఏండ్ల నడుమ ఉచ్చస్థితిలో ఉండును. ఇరువదియేడేండ్ల సగటు వయస్సుతో గెలిచిన జట్టును అట్లే ఉంచినచో నాలుగేండ్లలో ఆ సగటు ముప్పదియొకటి అగును. తనకు కప్పులు తెచ్చినవారిని ప్రక్కన పెట్టుటకు శిక్షకునికి మనసొప్పదు. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గుసన్ 1995లో పేరుపొందిన ముగ్గురు ఆటగాండ్రను పంపివేసి, ఆ స్థానములు యువకులకు ఇచ్చినాడు. పలువురు ఆక్షేపించినారు. ఆ ఏడు లీగును, ఎఫ్.ఏ. కప్పును ఆ జట్టుకే దక్కినవి. ఇట్లు మరల మరల జట్టును క్రొత్తగా కట్టుచు 2013లో పదవి విరమించునాటికి ఆయన పదమూడు లీగులు గెలిచినాడు.

మూడవది, విజయమువలన కలుగు అలవాటు. గెలిచిన పద్ధతిని మార్చవలెనని ఎవరికిని తోచదు. ఒకే మాటను ఏండ్లకొలది వినుటవలన ఆటగాండ్ర శ్రద్ధయు తగ్గును. 1961, 1962 సంవత్సరములలో బెన్ఫికా జట్టును ఐరోపా విజేతగా చేసిన బేలా గుట్‌మన్, ఒక శిక్షకునికి ఒకేచోట మూడవ సంవత్సరము ప్రమాదకరమని నమ్మినవాడు.

రహీం సాబ్ పూడిక తీసిన తీరు

రహీం జీవితములో గమనింపదగినది ఆయన గెలుపులకంటె ఓటముల తరువాత చేసిన పని. 1951లో ఇరాన్‌పై 1–0తో గెలిచి స్వర్ణము తెచ్చిన భారత జట్టు, 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడినది. చలిదేశములో మనవారు చాలమంది బూట్లు లేకుండనే ఆడినారు. ఇది వాన లోటు అని సరిపెట్టుకొనవలసిన ఓటమి కాదు. ప్రపంచము ఎంత ముందుకు పోయినదో చూపిన ఓటమి. అటు తరువాత భారత ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరియైనవి. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వారి స్వంత మైదానములో 6–3తో ఓడించినప్పుడు, ఆ ఆటలోని క్రొత్త అమరికను రహీం శ్రద్ధగా అధ్యయనము చేసి తన జట్టుకు అన్వయించినారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతదేశము ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానము పొందినది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేసినాడు. హైదరాబాదు ఆటగాండ్రు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు.

1962లో జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో మనలను ఓడించినది. తరువాత థాయిలాండుతో జరిగిన ఆటలో రక్షక ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైనది. రహీం ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టక, సెమీఫైనలులోను, ఫైనలులోను ముందువరుసలో నిలిపినారు. సెప్టెంబరు 4న ఫైనలులో అదే కొరియాను భారత జట్టు 2–1తో ఓడించినది. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగుదే. ఇందులో అదృష్టము లేదని కాదు. కాని అదృష్టము వచ్చినప్పుడు అందుకొనుటకు వీలుగా జట్టును సిద్ధము చేసినది శిక్షకుడు. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండిరి. 1963 జూన్ 11న మరణించినారు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. రహీం విజయరేఖ శిఖరముపైననే ఆగిపోయినది. ఆయన మరి పదేండ్లు జీవించి ఉన్నచో ఏమి జరిగెడిదో ఎవరూ చెప్పలేరు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మళ్ళీ రాలేదు. 1970లో కాంస్యము మాత్రము వచ్చినది. దీనికి రహీం లేని లోటు ఒక్కటే కారణమనుట తొందరపాటగును. దక్షిణ కొరియా 1983లోను, జపాను 1993లోను వృత్తి ఆటగాండ్ర లీగులు ప్రారంభించి ముందుకు సాగినవి. ప్రత్యర్థులు నేర్చుకొనుట అను పూడిక దేశములకు కూడ వర్తించును.

తరగతి గదిలో

ఈ విషయము ఆటస్థలముతో ఆగిపోవునది కాదు. ఒక పాఠశాలలో ఒక ఏడు పదవ తరగతి ఫలితములు నూటికి నూరు వచ్చును. మరుసటి ఏడు తొంబది వచ్చును. వెంటనే ఉపాధ్యాయునికి సంజాయిషీ నోటీసు వచ్చును. మొదటి ఏడు పొగడ్తలోను, రెండవ ఏడు నిందలోను అదృష్టపు పాలు ఎంతయో ఎవరూ లెక్కచూడరు.

ఇంతకంటె సూక్ష్మమైన అపాయము మరొకటి కలదు. 2002లో అర్థశాస్త్రములో నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానెమన్, ఇజ్రాయెల్ వైమానికదళ శిక్షకుల అనుభవమును పరిశీలించినాడు. బాగుగా విమానము నడిపినవానిని పొగడినచో మరుసటిసారి చెడగొట్టుచున్నాడనియు, చెడగొట్టినవానిని తిట్టినచో మరుసటిసారి మెరుగగుచున్నాడనియు, కనుక తిట్టుటయే మేలనియు ఒక శిక్షకుడు వాదించినాడు. అతడు చూచినది నిజమే. తీసిన అర్థము తప్పు. మిక్కిలి బాగుగా చేసినవాడు పొగడకున్నను తరువాత కొంత దిగును. మిక్కిలి చెడగొట్టినవాడు తిట్టకున్నను కొంత ఎక్కును. ప్రతిగమనము ఎరుగని ఉపాధ్యాయుడు తన బెత్తమునకు లేని మహిమను అంటగట్టి, తన మెచ్చుకోలునకు లేని దోషమును అంటగట్టును. దాని ఫలితమును అనుభవించెడివాడు విద్యార్థి.

కాబట్టి గెలుపు ఓటములను తూచునపుడు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒక్క ఏడాది ఫలితముపై తీర్పు చెప్పరాదు. నాలుగైదేండ్ల సగటును చూడవలెను. ఫలితముతోపాటు పని జరిగిన తీరును చూడవలెను. నేటి ఫుట్‌బాల్ విశ్లేషకులు గోల్సునే కాక, గోలు అవకాశములు ఎన్ని, ఎంత మేలైనవి సృష్టించినారో లెక్కించుట ఇందుకే. చివరగా, ప్రత్యర్థులు, వయస్సు, అలవాటు అను మూడు పూడికలలో ఏదైన పేరుకొన్నదా అని వెదకవలెను. పూడిక ఉన్నచో, గెలుచుచున్నప్పుడే దానిని తీయుట మొదలుపెట్టవలెను. లేనిచో, మరుసటి వానకు ఓపికతో ఎదురుచూడవలెను.