పిప్పి పన్నుకు కరెంటు వైద్యం

పన్ను పిప్పిపడితే లవంగనూనె అద్దడం, నొప్పి ఓర్చుకోలేకపోతే పీకించుకోవడం మన పల్లెల్లో మామూలే. అయితే నొప్పి పుట్టకముందే పిప్పిని కరెంటుతో పసిగట్టవచ్చు.

ఎండుకర్ర కరెంటును ఆపుతుంది, తడికర్ర ఆపదు. ఇది రైతులకు తెలిసిందే. పన్ను సంగతీ అంతే. పైనున్న గట్టి పొర ఎనామిల్ కరెంటును అడ్డుకుంటుంది. తీపి తిన్నప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లం ఆ పొరలోని కాల్షియం, ఫాస్ఫేటులను కరిగిస్తుంది. అలా ఏర్పడిన సన్నని రంధ్రాలలో తడి చేరి, అక్కడ కరెంటు సులువుగా పారుతుంది. మనిషికి తెలియనంత స్వల్పంగా కరెంటు పంపి ఆ తేడాను కొలిచే పరికరాలు విదేశాల్లో వచ్చాయి.

2014లో లండన్ కింగ్స్ కాలేజీ శాస్త్రజ్ఞులు మరో అడుగు ముందుకు వేశారు. పిప్పి మొదలైన చోటును శుభ్రపరచి, స్వల్ప కరెంటుతో ఆ ఖనిజాలనే లోపలికి పంపి పన్నును తిరిగి గట్టిపరచే పద్ధతిని ప్రకటించారు. దీనికి డ్రిల్లింగు, సూదిమందు, సిమెంటు అక్కరలేదు.

అయితే గుంట పడని పన్నుకే ఈ వైద్యం. గుంట పడ్డాక సిమెంటు పెట్టించుకోవలసిందే.

ఆ యంత్రం లేదని దిగులు పడనక్కరలేదు. మన ఉమ్మిలోనూ ఆ ఖనిజాలు ఉన్నాయి. తీపి తగ్గించి, రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే తొలి పిప్పి ఆగిపోవచ్చు, తిరిగి గట్టిపడనూవచ్చు. పిల్లల పళ్లపై సుద్దరంగు మచ్చ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా దంతవైద్యునికి చూపించండి.