కాలేయ క్యాన్సర్ రోగుల మనుగడను సూచించే ప్రోటీన్లు

కాలేయ క్యాన్సర్ సోకినట్లు నిర్ధారణ కాగానే రోగి కుటుంబ సభ్యులు వైద్యుని ముందుగా అడిగేది ‘ఇంకా ఎంతకాలం’ అనే. కణితి పరిమాణం ఒక్కటే దీనికి జవాబు ఇవ్వజాలదు. స్కానింగ్‌లో సమానంగా కనిపించిన రెండు కణితులలో ఒకటి నెమ్మదిగా పెరగవచ్చు, మరొకటి కొద్ది నెలలలోనే రక్తనాళాలలోకి చొచ్చుకుపోవచ్చు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 7.58 లక్షల మందిని బలిగొన్న ఈ వ్యాధి ధోరణిని ముందుగా అంచనా వేయడానికి రక్తంలోని కొన్ని ప్రోటీన్లు తోడ్పడుతున్నాయి.

వీటిలో పాతది, సుపరిచితమైనది ఆల్ఫా ఫీటోప్రోటీన్ (ఏఎఫ్‌పీ). గర్భస్థ శిశువు కాలేయం దీనిని విరివిగా తయారు చేస్తుంది. పుట్టిన తరువాత ఇది దాదాపు కనుమరుగవుతుంది. సోవియట్ శాస్త్రవేత్త గారీ ఆబెలెవ్ బృందం 1963లో కాలేయ కణితులున్న ఎలుకలలోను, యూరీ తతారినోవ్ 1964లో కాలేయ క్యాన్సర్ రోగి రక్తంలోను ఇది తిరిగి కనిపించడాన్ని గుర్తించారు. పెద్దలలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపే ఉండే ఈ ప్రోటీన్ 400కు చేరితే మనుగడ అవకాశాలు తగ్గుతాయని భావిస్తూ, 1998లో ఇటలీ వైద్యులు రూపొందించిన ‘క్లిప్’ సూచికలో దానికి చోటు కల్పించారు.

ఏఎఫ్‌పీలో ‘ఎల్3’ అనే ఒక రూపం ఉంది. మసూర్ పప్పు జాతి గింజలలోని ఒక పదార్థానికి అంటుకునే గుణాన్ని బట్టి దీనిని వేరు చేస్తారు. దీని శాతం పెరగడం కణితి ఉధృతికి సంకేతం. మూడవది డీసీపీ. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్రోత్రాంబిన్‌ను క్యాన్సర్ కణాలు అసంపూర్ణంగా తయారు చేయడం వల్ల ఇది ఏర్పడుతుంది. డీసీపీ అధికంగా ఉన్నవారిలో కణితి పోర్టల్ సిరలోకి వ్యాపించే ప్రమాదం ఎక్కువ.

అయితే రోగి ఆయుష్షు కణితిపైనే కాక, మిగిలిన కాలేయం పనితీరుపై కూడా ఆధారపడుతుంది. ఈ కారణంగానే జపాన్ వైద్యులు 2006లో ప్రకటించిన ‘బాలాడ్’ సూచికలో పై మూడింటికి బిలిరుబిన్, ఆల్బుమిన్ విలువలను జతచేశారు. ఐదూ రక్తపరీక్షలే కావడం దీని సౌలభ్యం.

ఈ అంకెలపై కీలక నిర్ణయాలే ఆధారపడుతున్నాయి. ఫ్రాన్స్‌లో 2012లో ప్రచురితమైన నమూనా ప్రకారం, మొత్తం రెండు పాయింట్లు దాటితే కాలేయ మార్పిడి తరువాత వ్యాధి తిరగబెట్టే ముప్పు అధికంగా ఉన్నట్లు పరిగణిస్తారు. ఏఎఫ్‌పీ 1,000 దాటితే ఆ ఒక్క కారణానికే మూడు పాయింట్లు పడతాయి. అంటే కణితి మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నా రోగి ఆ పరిధిని దాటినట్లే. ఔషధ చికిత్స విషయానికి వస్తే, అంతకుముందు సోరాఫెనిబ్ తీసుకుని, ఏఎఫ్‌పీ 400 లేదా అంతకు మించి ఉన్న 292 మందిపై జరిగిన ‘రీచ్-2’ అధ్యయన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రాముసిరుమాబ్ పొందినవారి మధ్యగత మనుగడ 8.5 నెలలు కాగా, ఉత్తుత్తి మందు పొందినవారిది 7.3 నెలలు. ప్రయోజనం స్వల్పమే. అయినప్పటికీ, ఔషధం ఎవరికి ఇవ్వాలో ఒక ప్రోటీన్ స్థాయిని బట్టి నిర్ణయించడం ఈ వ్యాధి చికిత్సలో విశేషమే.

వీటిని ‘ఆయుష్షు చెప్పే పరీక్షలు’గా వర్ణించడం మాత్రం సరికాదు. ఇవి తెలిపేది ఒకే స్థితిలోని రోగుల సమూహానికి సంబంధించిన అంచనాయే. సుమారు మూడోవంతు రోగులలో ఏఎఫ్‌పీ పెరగనే పెరగదు. గర్భిణులలోను, హెపటైటిస్ తీవ్రమైనప్పుడు కూడా అది పెరుగుతుంది. వార్ఫరిన్ వాడేవారిలో, విటమిన్-కె లోపం ఉన్నవారిలో డీసీపీ పెరుగుతుంది. అందువల్ల వైద్యులు ఒక్క ఫలితంతో సరిపెట్టక, చికిత్స ప్రారంభమైన తరువాత ఈ విలువలు తగ్గుతున్నవీ లేనిదీ వరుస పరీక్షల ద్వారా గమనిస్తారు.