చదివించాం సరే, ఆ తర్వాత తోడుంటున్నామా?

ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో, ఫలానా సహోదరికి పీహెచ్‌డీ వచ్చిందని కాపరి గారు చెబుతారు. అందరం చప్పట్లు కొడతాం, దేవునికి స్తుతులు చెల్లిస్తాం. పదిహేనేళ్లు గడిచాక ఆమె కాలేజీలో ఏ స్థాయిలో ఉన్నారో మనలో చాలామందికి తెలియదు. "ప్రిన్సిపాల్ పోస్టుకు మీరెందుకు దరఖాస్తు చేయలేదమ్మా?" అని అడిగేవారూ ఉండరు. మనం అడగని ఆ ప్రశ్న గురించే ఈ వారం మేము రాస్తున్నాం.

చదువు దశలో మన ఆడపిల్లలు వెనకబడి లేరు. కేంద్ర విద్యాశాఖ 2021-22 సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య చదువుతున్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలే. అధ్యాపకుల్లో నూటికి 43 మంది స్త్రీలు. ఆ పై మెట్లు ఎక్కడమే కష్టంగా ఉంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ కావాలంటే పీహెచ్‌డీ, ప్రొఫెసర్ లేదా అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, 15 ఏళ్ల అనుభవం, కనీసం 10 పరిశోధన పత్రాలు ఉండాలి. నిబంధన అందరికీ ఒక్కటే. కానీ ఆ పత్రాలు రాయవలసిన ఏళ్లే బిడ్డల్ని పెంచే ఏళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే ఏళ్లు. దానికి తోడు, ఏ కమిటీలో చోటు ఖాళీ అవుతోంది, ఏ పోస్టుకు ప్రకటన రాబోతోంది అన్న కబుర్లు కాలేజీ వదిలాక టీ కొట్టు దగ్గరే తెలుస్తాయి. ఆ వేళకు ఆమె ఇంటికి వెళ్లే బస్సులో ఉంటారు.

ఒకే వృత్తిలో ఉన్న స్త్రీలు ఒక బృందంగా కలిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. అలాంటి బృందం ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది. ఒకటి, సమాచారం వేళకు చేరవేస్తుంది. రెండు, కాలేజీ బడ్జెట్ ఎలా వేయాలి, సర్వీసు ఫైలు ఎలా చదవాలి, గొడవపడే కమిటీని ఎలా నడపాలి అన్నవి అనుభవం ఉన్నవారి చేత నేర్పిస్తుంది. మూడోది అన్నిటికన్నా విలువైనది. నిర్ణయం జరిగే గదిలో ఆమె లేనప్పుడు, ఆమె పేరు చెప్పే మనిషిని ఆ గదిలో ఉంచుతుంది. సలహా ఇచ్చేవారు చాలామంది దొరుకుతారు. పేరు ప్రతిపాదించేవారు అరుదు.

ఇది కొత్త సంగతి కాదు. మన దేశంలో పనిచేసిన మహిళా డాక్టర్లు 1907లోనే ఒక సంఘంగా ఏర్పడ్డారు. స్త్రీలకు ప్రత్యేకంగా ఒక వైద్య సర్వీసు కావాలని పట్టుబట్టారు. 1914లో విమెన్స్ మెడికల్ సర్వీస్ మొదలైంది. అందులో నియామకం పొందిన మొదటి భారతీయ మహిళ మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఆమె ఢిల్లీలోని లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు. 1961లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె ప్రతిభ ఆమెదే. అయితే ఆ ప్రతిభ ఎక్కడానికి ఒక నిచ్చెన ఉంది. దాన్ని ఆమెకన్నా ముందు తరం స్త్రీలు కలిసికట్టుగా నిలబెట్టారు.

"ఇదంతా సిఫారసు కాదా?" అని కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. రోమా పత్రిక 16వ అధ్యాయం తెరిస్తే, పౌలు మొదట చెప్పేది కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే గురించి. ఆమెను చేర్చుకొని, ఆమెకు కావలసిన సహాయం చేయమని రోమా విశ్వాసులను కోరాడు. బంధుత్వం చూసి కాదు, ఆమె అనేకులకు చేసిన సహాయం చూసి. అర్హత లేనివారిని ముందుకు తోయడం పక్షపాతం. అర్హత ఉన్నవారి గురించి తెలిసిన నిజం చెప్పడం సాక్ష్యం. మన బృందాలు కూడా ఒక డినామినేషన్‌కో, ఒక కులానికో, నాలుగు పెద్ద కుటుంబాలకో పరిమితమైతే అవి మరో మూసిన తలుపే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన దళిత క్రైస్తవ సహోదరికి యూనివర్సిటీలో బాబాయిలు, మావయ్యలు ఉండరు. తోడు ముందుగా అందవలసింది ఆమెకే.

మరి స్థానిక సంఘంగా మనం ఏం చేయగలం? సంఘంలో అధ్యాపక వృత్తిలో ఉన్న సహోదరీల పేర్లు రాసుకుందాం. పక్క సంఘాలవారిని కూడా కలుపుకొని మూడు నెలలకోసారి వారిని కూర్చోబెడదాం. రిటైరైన ప్రిన్సిపాల్ అమ్మగారు ఎవరైనా ఉంటే, దరఖాస్తు నింపడం, ఇంటర్వ్యూకు సిద్ధపడడం నేర్పమని అడుగుదాం. ఆమె శిక్షణకు ఊరు వెళ్లిన మూడు రోజులు పిల్లలను స్త్రీల సమాజం చూసుకోవచ్చు. మిషన్ కాలేజీల పాలకవర్గాల్లో కూర్చునే పెద్దలు, పదవి ఖాళీ అయినప్పుడు అర్హులైన స్త్రీల పేర్లు కూడా జాబితాలో ఉన్నాయా అని ఒక్క మాట అడగాలి. ఇంట్లో భర్తలు, కుమారులు వంటింటి పని పంచుకోవాలి. పరిశోధన పత్రానికి కావలసింది ఆ రెండు గంటల సమయమే.

వచ్చే ఆదివారం చప్పట్లు కొట్టాక, ఆ సహోదరిని గుమ్మం దగ్గర ఆపి అడగండి: "అమ్మా, తర్వాతి మెట్టు ఏమిటి? దానికి మావల్ల ఏం కావాలి?" ఆమె జవాబు వినడానికి పది నిమిషాలు నిలబడితే చాలు, పని అక్కడే మొదలవుతుంది.