రైలు దిగాక పంటు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో గోదావరి జిల్లాల వాళ్లు కొత్తేమీ కాదు. వాళ్లలో సఖినేటిపల్లి, మలికిపురం వైపు వాళ్లు ఊరెళ్లాలంటే రాత్రి నరసాపురం రైలెక్కుతారు. మెదక్ దగ్గరి నర్సాపూర్ కాదండోయ్, పశ్చిమ గోదావరిది.

పట్టాలు అక్కడితో సరి. ముందు వశిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, ఇంకా దిగువకు వెళితే నది సముద్రంలో కలిసే అంతర్వేది. ఒడ్డు మారాలంటే పంటే దిక్కు. పడవల మీద బల్లలు పరిచి ఇంజను బిగించిన తేలే వేదిక అది. బైకులు, కార్లు, కొబ్బరి గెలలు, పెళ్లివారు, అందరూ ఒకే బల్ల మీద. రేవు నడిపే హక్కుకు వేలం పాట ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి నదికి పోటూ పాటూ తగులుతాయి. గోదావరికి వరద వచ్చిందంటే పంటు కట్టేస్తారు. అప్పుడిక పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన చుట్టి రావాల్సిందే. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవమప్పుడు రేవు చూడాలి, ఇసుక వేస్తే రాలదు.

ఇలా రైలు దిగి నీళ్లు దాటే చోటు స్కాట్లాండ్‌లోనూ ఒకటుంది, వెమిస్ బే అనే చిన్న తీరపు ఊరు. 1903లో కట్టిన స్టేషన్లో రైలు దిగి, పైకప్పున్న వాలుదారి వెంట నడిస్తే తిన్నగా ఫెర్రీ దగ్గరికే చేరతాం. అరగంట పైచిలుకులో బ్యూట్ ద్వీపంలోని రోత్సే. రైలునీ ఓడనీ ఒకే ప్రయాణంగా అనుకుని కట్టారు, అదీ తేడా. మనకు రైలూ ఉంది, పంటూ ఉంది. మధ్యలో సంచులు మోసుకుని ఆటో బేరం. రైలు ఆలస్యమైతే రేవుకు తెలియదు, పంటు ఆగితే స్టేషనుకు తెలియదు.

శాశ్వత పరిష్కారం కోటిపల్లి–నరసాపురం రైలు మార్గమని అంటారు. నిజమే. సుమారు 57 కిలోమీటర్ల ఆ మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు వంతెనలు కావాలి. లోక్‌సభ స్పీకరుగా బాలయోగి పట్టుబట్టి తెచ్చిన పని. ఆయన 2002లో పోయారు, పని ఇంకా సాగుతూనే ఉంది.

వంతెన వచ్చేదాకా చేయగలిగింది పెద్ద ఖర్చేం కాదు. స్టేషన్లో పంటు వేళల బోర్డొకటి, వరద రోజుల్లో పంటు ఆగిందని మైకులో ఒక ప్రకటన, రైలు వేళకు రేవు దాకా ఒక బస్సు. రైల్వే, రేవు అధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది.