కప్ప పిల్లను ఇంటికి తెచ్చారా? పురుగులు వేస్తే సరిపోదు.. కాల్షియం లేకపోతే ఎముకలు వంగిపోతాయ్!

వానలు మొదలైతే చాలు.. రామంతాపూర్ పెద్ద చెరువు, చిన్న చెరువు, ఉప్పల్ నల్లచెరువు చుట్టుపక్కల రాత్రంతా కప్పల బెకబెకలే. కొన్ని వారాలకు నీళ్లలోని తోక కప్పలకు కాళ్లొచ్చి, బుల్లి కప్పలు గట్టు మీదకు వచ్చేస్తాయి. చిటికెన వేలి గోరంత ఉండే వీటిని చాలామంది పిల్లలు సరదాగా డబ్బాలో వేసుకుని ఇంటికి తెస్తుంటారు. ఏం పెట్టాలో తెలియక అన్నం మెతుకులు, బ్రెడ్ ముక్కలు వేస్తారు. కప్ప వాటిని ముట్టుకోదు. కొద్ది రోజులకే నీరసించిపోతుంది. మరి దానికి ఏం పెట్టాలి? ఎంత పెట్టాలి?

కదిలితేనే తిండి

మన ఇళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది ఒంటి నిండా బొడిపెలున్న కప్ప. దీన్నే ఇంగ్లీషులో టోడ్ అంటారు. శాస్త్రీయ నామం డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఇది కదిలే వాటినే ఆహారంగా గుర్తిస్తుంది. ఎదురుగా చచ్చిన ఈగ ఉన్నా పట్టించుకోదు. అందుకే అన్నం, పాలు, బ్రెడ్, కుక్కల ఫుడ్ లాంటివి అస్సలు పనికిరావు.

తోక కప్పగా ఉన్నప్పుడు మాత్రం కథ వేరు. అప్పుడు నాచు, కుళ్లిన ఆకులే దాని తిండి. ముందు కాళ్లు వచ్చి తోక కరిగిపోయే కొన్ని రోజులు ఏమీ తినదు. తోకలోని శక్తితోనే బతుకుతుంది. ఆ టైమ్‌లో ఎక్కి కూర్చోవడానికి ఓ రాయి లేకపోతే నీళ్లలోనే మునిగి చచ్చిపోతుంది.

ఏ సైజు పురుగు వేయాలి?

గుర్తుంచుకోవాల్సిన రూల్ ఒక్కటే.. కప్ప రెండు కళ్ల మధ్య ఎంత దూరం ఉందో, పురుగు అంతకంటే పెద్దగా ఉండకూడదు. గోరంత పిల్లకు అరటిపండు మీద వాలే బుల్లి ఈగలు, తడి ఆకుల కింద ఉండే స్ప్రింగ్‌టెయిల్స్, చిన్న చెదలు, అప్పుడే పుట్టిన కీచురాళ్లు సరిపోతాయి. బాగా మగ్గిన అరటిపండు ముక్కను సీసాలో వేసి మూత తీసి ఉంచితే ఈగలు వాటంతటవే వస్తాయి. కొరికే ఎర్ర చీమలు మాత్రం వద్దు.

పిల్ల కప్పకు రోజూ తిండి పెట్టాలి. పది, పదిహేను నిమిషాల్లో తిన్నంత చాలు. మిగిలిన కీచురాళ్లను తీసేయాలి. లేదంటే అవే కప్పను కొరుకుతాయి. కప్ప పెద్దయ్యాక రెండు, మూడు రోజులకోసారి పెడితే సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం.. దోమల ఫాగింగ్ జరిగిన చోట, బొద్దింకల మందు కొట్టిన ఇంట్లో పట్టిన పురుగులను వేయొద్దు. ఆ విషం నేరుగా కప్ప కడుపులోకే వెళ్తుంది.

కాల్షియం ఎందుకు?

చాలామందికి తెలియని పాయింట్ ఇదే. కీచురాళ్లు, ఈగల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. ఎదిగే కప్పకు కావాల్సింది దీనికి రివర్స్. బయట తిరిగే కప్ప రకరకాల పురుగులు తింటుంది కాబట్టి అక్కడ చాలావరకు సర్దుకుంటుంది. డబ్బాలో రోజూ ఒకే రకం పురుగు తినే కప్పకు ఆ అవకాశం లేదు. దాంతో శరీరం ఎముకల్లోని కాల్షియాన్నే లాగేసుకుంటుంది. దవడ మెత్తబడటం, వెన్ను వంగడం, కాళ్లు వణకడం, గెంతలేకపోవడం.. ఇవన్నీ ఆ జబ్బు లక్షణాలే. కప్ప కడుపు నిండా తింటున్నా ఇలా జరగొచ్చు!

దీనికి పరిష్కారం కష్టమేం కాదు. ఫాస్ఫరస్ లేని, కప్పలు, బల్లుల్లాంటి జీవుల కోసం తయారుచేసిన కాల్షియం పొడిని పురుగులకు పల్చగా అంటించి వేయాలి. విటమిన్ డి3 ఉన్న మల్టీవిటమిన్ పొడిని వారానికోసారి ఇస్తే చాలు. ఎక్కువైతే అదీ ప్రమాదమే. మనం వేసుకునే ట్యాబ్లెట్లు నూరి వేయడం లాంటి సొంత వైద్యం వద్దు. కప్పకు వేసే పురుగులకు ఒక రోజు ముందు నుంచే ఆకుకూరలు, క్యారెట్ పెడితే ఆ పోషకాలు కప్పకూ అందుతాయి.

విటమిన్ ఏ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికాలో అంతరించే దశకు చేరిన వయోమింగ్ టోడ్‌ను కాపాడేందుకు అక్కడి జూలు పెంచాయి. అలా పెంచిన కప్పల్లో విటమిన్ ఏ తగ్గి, నాలుకతో పురుగును పట్టుకోలేని సమస్య వచ్చింది. నిపుణులు చూసుకునే చోటే అలా జరిగితే.. ఇంట్లో డబ్బా సంగతి చెప్పేదేముంది?

నీళ్లూ ముఖ్యమే

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. కాబట్టి క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లను నేరుగా పోయొద్దు. వెడల్పాటి గిన్నెలో ఒక రోజు ఉంచి, ఆ తర్వాత వాడాలి. గాజు సీసాను ఎండలో పెడితే లోపల కప్ప ఉడికిపోతుంది. కళ్ల వెనక ఉన్న గ్రంథుల్లో విషం ఉంటుంది కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది మాత్రం అపోహే.

తిరిగి వదిలేయడమే బెస్ట్

రోజూ బతికున్న పురుగులు, పైన పొడి, మంచి నీళ్లు.. ఇంత చేయగలమా అన్నది తెచ్చే ముందే ఆలోచించాలి. చేయలేమనిపిస్తే ఒకటి, రెండు రోజుల్లోనే, పట్టుకున్న చోటే వదిలేయాలి. వేరే చెరువులో వదిలితే కప్పల జబ్బులు అక్కడికీ పాకొచ్చు. ఉంచుకోవాలనుకుంటే చట్టం ఏం చెబుతుందో ముందుగా అటవీశాఖను అడగాలి. కప్ప జబ్బు పడితే అన్ని పశువుల క్లినిక్‌లలో చూడరు కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది.

కప్పలు తగ్గితే పురుగులు పెరుగుతాయన్న ఆందోళనల మధ్య మన దేశం 1987లో కప్ప కాళ్ల ఎగుమతినే నిషేధించింది. డబ్బాలో కాల్షియం లేక కుంటిదయ్యే ఆ బుల్లి కప్ప.. చెరువు గట్టున ఉంటే తన తిండి తానే వెతుక్కుంటుంది, మన చుట్టూ ఉన్న పురుగులనూ తగ్గిస్తుంది.