బ్యాటరీని తిట్టే ముందు తాళం వెనక చూడండి

పాత కారు పొద్దున్నే స్టార్ట్ కాకపోతే మనం మొదట తిట్టేది బ్యాటరీని. తర్వాత స్టార్టర్ మోటార్‌ని. ఆ రెండూ మార్చినా బండి పలకకపోతే అప్పుడు గుర్తొస్తుంది, తాళం చెవి పెట్టే చోట వెనకాల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క. దాని పేరు ఇగ్నిషన్ స్విచ్. పాత చిన్న కార్లకైతే వందల్లో దొరికే వస్తువు. కానీ అది చెడిపోయే తీరు తెలియకపోతే జేబుకే కాదు, ప్రాణానికీ ముప్పే.

మొన్న ఎండాకాలంలో మా నాయన కర్నూలు నుంచి కడపకు పోతుంటే నంద్యాల దాటాక, ఆళ్లగడ్డ దగ్గర కారు నడుస్తూ నడుస్తూనే ఆగిపోయింది. డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఎలాగో పక్కకు తీసి తాళం చెవి కొంచెం కదిపితే మళ్లీ వెలిగాయి. చూడ్డానికొచ్చిన మెకానిక్ "బ్యాటరీ పోయిండాది అన్నా, మార్చల్ల" అన్నాడట. మా నాయన నాకు ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "ఏమబ్బీ, నడిచే బండి బ్యాటరీ పోతే ఆగుతాదా?"

మంచి ప్రశ్న. ఇంజన్ నడిచేటప్పుడు బండికి కరెంటు ఇచ్చేది ప్రధానంగా ఆల్టర్నేటర్. బ్యాటరీ వీక్ అయితే మామూలుగా కనబడేది స్టార్ట్ చేసేటప్పుడే. బ్యాటరీ టెర్మినల్స్ గట్టిగానే ఉండి, తాళం చెవి కదిపితే లైట్లు వచ్చి పోతున్నాయంటే అనుమానించాల్సింది ఇగ్నిషన్ స్విచ్‌ని.

తాళం వేరు, స్విచ్ వేరు

మనం చెవి దూర్చేది తాళం. దాని వెనకాల, తాళంతో పాటు తిరిగేది స్విచ్. లాక్, యాక్సెసరీ, ఆన్, స్టార్ట్ అని నాలుగు స్థానాలు ఉంటాయి. చెవి తిప్పినప్పుడల్లా లోపలి రాగి పలకలు ఒకదానికొకటి తగిలి ఒక్కో సర్క్యూట్‌కి కరెంటు పంపుతాయి. ఏళ్ల తరబడి తిప్పగా తిప్పగా ఆ పలకలు అరుగుతాయి, నల్లబడతాయి, లోపలి గ్రీజు ఎండిపోతుంది. మన దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల వేడి ఇంకా ఎక్కువ.

దీనికి మనం చేసే పని ఇంకోటి తోడవుతుంది. పెద్ద హారన్, ఫాగ్ లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టించి, వాటన్నిటికీ కరెంటు ఇగ్నిషన్ వైరు నుంచే లాగిస్తాం. ఆ లోడంతా చిన్న పలకల మీద పడి అవి కాలిపోతాయి. అలాంటి వాటికి విడిగా రిలే, ఫ్యూజు పెట్టించాలి.

పది నిమిషాల పరీక్ష

సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతికేటప్పుడు మేం చేసేదొకటే: ఎక్కడిదాకా సరిగ్గా వచ్చింది, ఎక్కడ ఆగింది? కారుకీ అదే పద్ధతి. ఒక మామూలు మల్టీమీటర్ చాలు.

ముందు బ్యాటరీ. బండి కాసేపు ఆపి ఉంచాక ఫుల్ చార్జ్‌లో ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 కన్నా తగ్గితే ముందు దాని సంగతి చూడండి.

తర్వాత కారు లోపలి లైటు వేసి స్టార్ట్‌కి తిప్పండి. లైటు బాగా మసకబారి టకటకమంటే బ్యాటరీ గానీ, టెర్మినల్స్ గానీ కారణం కావచ్చు. లైటు అలాగే వెలుగుతూ చప్పుడే లేకపోతే స్టార్టర్‌కి కరెంటు చేరడం లేదని అనుకోవచ్చు.

ఇక చివరిది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు స్టార్ట్‌కి తిప్పుతుంటే ఇంకొకరు స్టార్టర్ మీదున్న సన్న వైరు దగ్గర మీటర్ పెట్టాలి. అక్కడ బ్యాటరీకి దగ్గరగా వోల్టేజీ వస్తే స్విచ్ బాగుంది, స్టార్టర్‌ని చూపించండి. రాకపోతే స్విచ్ దగ్గరే కొలవండి. లోపలికి 12 వచ్చి, బయటికి రాకపోతే దొంగ దొరికినట్టే. మా నాయన కారులో అదే తేలింది.

మార్చేటప్పుడు

బ్యాటరీ నెగెటివ్ వైరు తీయకుండా చెయ్యి పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే స్టీరింగ్ దగ్గరి పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి. లేని పాత కార్లలో చాలావాటికి స్టీరింగ్ కింది కవర్ తీసి, కనెక్టర్ ఊడదీసి, చిన్న స్క్రూలు విప్పితే స్విచ్ చేతికొస్తుంది. విప్పే ముందు వైర్ల రంగులు ఫోటో తీసుకోండి. పాత ముక్కను షాపుకు పట్టుకుపోయి పార్ట్ నంబర్ సరిపోల్చుకోండి. స్విచ్ విడిగా దొరికితే తాళం మార్చక్కర్లేదు, పాత చెవులే పనిచేస్తాయి.

బిగించాక నాలుగు స్థానాలూ తిప్పి చూడండి. స్టార్ట్ నుంచి చెయ్యి వదిలితే చెవి తనంతట తాను ఆన్‌కి వెనక్కి రావాలి. స్విచ్ బదులు వైర్లు కలిపి ఒక బటన్ పెట్టిస్తే చవకే. కానీ ఫ్యూజు లేకుంటే షార్ట్ అయి మంటలు రావచ్చు, దొంగకీ సులువు.

నడుస్తూ ఆగితే

ఈ చిన్న ముక్క ఎంత పని చేయగలదో అమెరికా 2014లో చూసింది. జనరల్ మోటార్స్ కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, కుదుపుకో, గుత్తి బరువుకో ఆన్ నుంచి జారిపోయేది. ఇంజన్ ఆగి, స్టీరింగ్ బరువెక్కి, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకునేవి కావు. 124 మంది చావులకు పరిహారం ఇవ్వడానికి కంపెనీ పెట్టిన నిధి ఒప్పుకుంది. స్విచ్ మార్చేదాకా గుత్తి తీసేసి ఒక్క చెవితోనే నడపమని కంపెనీ ఓనర్లకు చెప్పింది.

మీ కారు ఎప్పుడైనా అలా ఆగితే చెవి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి, బరువెక్కినా తిరుగుతుంది. బ్రేకు పదేపదే తొక్కకుండా ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టండి. హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయండి.

ఒకసారి ఆగి మళ్లీ దానంతటదే బాగైన కారును "సర్దుకుందిలే" అనుకోకండి. అరిగిన పలక తిరిగి పెరగదు. స్విచ్ మార్పించేదాకా ఊరు దాటొద్దు. ఈలోపు ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బిళ్ల అన్నీ ఆ గుత్తిలోంచి తీసేయండి. ఆ పనికి మెకానిక్ కూడా అక్కర్లేదు.